నారి వదులు చేసిన విల్లు

"నీ ఆఖరి ఊపిరి నా అరచేతి మీదనే పోవాల చుక్కా. అంతవరకూ నీ పక్క వదిలి నేను యాడికీ పోను."

పీరన్న తాత ఈ మాట ఇరవై మంది ముందు అన్నాడు. గురువారం సాయంత్రం, దర్గా అరుగు మీద, ఫాతిహా ప్రార్థన అయిపోయి చక్కెర పంచుతున్నప్పుడు. కింద మెట్టు మీద పడుకున్న ముసలి కుక్క తన పేరు విని ఒక చెవి ఎత్తింది. నేను అక్కడే ఉన్నాను. ఆ మాట కింద తేదీ వేసి, నా నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాసుకున్నాను.

పదకొండో రోజుకు ఆయన ఆ మాట తప్పాడు.

పీరన్న తాత దూదేకుల మనిషి. చదువు లేదు. గుండ్లకొండ దర్గాలో దీపం పెట్టేదీ ఆయనే, చుట్టుపక్కల ఊళ్లలో దూది ఏకి పరుపులు కుట్టేదీ ఆయనే. నేను కాలేజీలో మూడేళ్లు చదివి, రెండుసార్లు సస్పెండై, ఏ దేవుణ్నీ నమ్మని స్థితిలో ఆయన దగ్గరికి వచ్చాను. దర్గాలో మొక్కుబడికి పెట్టే కందూరు విందులో అన్ని కులాలవాళ్లనూ ఒకే వరుసలో కూర్చోబెట్టాడని, కాదన్న పెద్దమనిషితో "అయితే నువ్వు నిలబడి తిను" అన్నాడని ఎవరో చెప్పారు. ఉపన్యాసాల్లో విన్న సమానత్వం ఇక్కడ అన్నం తింటోంది అనుకున్నాను. సంచి సర్దుకుని వచ్చేశాను.

రెండేళ్లలో ఆయన నాకు నేర్పింది దూదిలో గింజ ఏరడం ఒక్కటే.

చుక్క నాకంటే పదకొండేళ్లు ముందే వచ్చింది. నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న నల్ల కుక్క. ఆయన భార్య మాబమ్మ అవ్వకు దూది కుప్పలో దొరికిందట, కళ్లు తెరవని పిల్లగా. పాలలో దూది తడిపి నోట్లో పిండి పెంచింది. పిల్లలు లేని ఆ ఇంట్లో అదే పిల్ల.

పొద్దున్నే తాత కొక్కెం మీది నుంచి దూది ఏకే విల్లు దించి, నారి బిగించి, కొయ్య గుండుతో ఒక్కసారి మీటేవాడు. ఆ శబ్దానికి చుక్క లేచేది. ఎంత నిద్రలో ఉన్నా, జ్వరంతో ఉన్నా లేచేది. ఆయన విల్లు భుజాన వేసుకుని నారి మోగిస్తూ నడిస్తే అది పది అడుగులు ముందు నడిచేది. సందు మలుపులో ఆగి, వెనక్కి తిరిగి చూసి, ఆయన వస్తున్నాడని తెలిశాకే ముందుకు పోయేది. తాత ఏ ఊళ్లోనూ అరవలేదు. కుక్క కనబడితే చాలు, ఆడవాళ్లు పాత పరుపులు తెచ్చి అరుగుల మీద వేసేవాళ్లు.

తాత ఆ మాట అన్న మరుసటి వారం, శుక్రవారం నాడు చుక్క కొండ మెట్ల మీద జారి పడింది. వెనక కాళ్లు రెండూ పడిపోయాయి.

పశువుల ఆసుపత్రి కాంపౌండరు వచ్చి నడుము నొక్కి చూశాడు. "వెన్నుపూస విరిగింది తాతా. వయసైపోయింది, అతకదు. పది రోజులో, పదిహేను రోజులో."

"సూది ఉంటాది కదా, నిద్రపోయేది," అన్నాడు తాత.

"పెద్ద డాక్టరు దగ్గర ఉంటాది. ఆయన రాడు, మనమే ఎత్తుకుపోవాల. ఆ గుంతల దారిలో ఆటోలో వేస్తే, సూది దాకా పోయేలోపల అది చూసే నరకం నేను చెప్పలేను. పడుకోబెట్టు. పడుకున్నంతసేపూ నొప్పి ఉండదు. లేస్తే మాత్రం విరిగిన ఎముక నరాన్ని కోస్తాది. లేవనియ్యొద్దు. అంతే."

నేను పక్కనే ఉండి అన్నీ విన్నాను. విన్నాననే అనుకున్నాను.

దాన్ని దూది కొట్టంలో గడ్డి మీద, పాత బొంత మీద పడుకోబెట్టాం. మర్నాడు నేను టౌనుకు వెళ్లాను. విద్యార్థుల సభలో నాకు అరగంట ఇచ్చారు. ఇచ్చిన మాటకు కట్టుబడని నాయకుల గురించి మాట్లాడాను. చప్పట్లు బాగా పడ్డాయి. సోమవారం పొద్దున తిరిగి వచ్చాను.

కొట్టంలో చుక్క ఒక్కతే పడుకుని ఉంది. గోడకు విల్లు వేలాడుతోంది. దాని నారి వదులు చేసి ఉంది. రెండేళ్లలో ఆ విల్లును అలా నేనెప్పుడూ చూడలేదు. ఒట్టి కట్టెలా ఉంది.

"తాత ఏడీ అవ్వా?"

"వంక అవతల, ఇటుకల బట్టీ కాడ రేకుల పాకలో ఉండాడు. పడక కూడా అక్కడికే మార్చినాడు."

"చుక్క దగ్గర ఎవరుంటారు?"

"నువ్వంట. పొద్దున ఒకసారి, మాపు ఒకసారి నిమ్మళంగా పక్క మార్చాల. తడిగుడ్డతో తుడవాల. గంజి చెంచాతో పొయ్యాల. దాని కాడ గట్టిగా మాట్లాడొద్దన్నాడు." అవ్వ నా మొహం చూసింది. "అదొక్కటే నీకు కష్టం."

వంక దాటి వెళ్లాను. తాత నేల మీద కూర్చుని దారం ఉండ చుడుతున్నాడు. చేతిలో పని ఉంది కానీ కళ్లు పని మీద లేవు.

"తాతా, చుక్క దగ్గరికి రారా?"

"రాను."

"మాట ఇచ్చారు."

"ఇచ్చినా."

"ఇరవై మంది ముందు."

"ఇరవై రెండు. ఇద్దరికి చక్కెర చాలలేదు."

"మరి ఎందుకు రారు?"

ఆయన నా కాళ్ల వైపు చూశాడు. "కొట్టంలోకి పోయేటప్పుడు చెప్పులు ఈడ్చొద్దు నాయనా."

"నేను అడిగింది చెప్పుల గురించి కాదు."

"నేను దగ్గర లేనని దానికి తెలియాల," అన్నాడు. దారం ఉండ పక్కన పెట్టాడు. "నువ్వు పో. గంజి వేళయింది."

నాకు ఒళ్లు మండింది. పదమూడేళ్లు చాకిరీ చేయించుకుని, పనికిరాకుండా పోయాక పక్కన పడేయడం నాకు తెలుసు. మా నాన్న పనిచేసిన మిల్లు అదే చేసింది. కార్మికుడైనా కుక్కైనా, నడుము విరిగిన రోజున యజమాని అసలు మొహం బయటపడుతుంది. నేను చదివిన పుస్తకాలన్నీ ఒక్కసారిగా నా పక్కన నిలబడ్డాయి. పీరన్న తాత కూడా యజమానే అని అవి చెప్పాయి.

రోజులు గడిచాయి. నేను చుక్క పక్క మార్చాను. తొడ మీద పుండు పడితే వేపాకు నీళ్లతో కడిగాను. ముందు కాళ్ల మోచేతుల దగ్గర చర్మం లేచిపోయి ఉంది. గోళ్లు అరిగి నెత్తురు కట్టి ఉన్నాయి. పడుకుని ఉన్న కుక్కకు గోళ్లు ఎందుకు అరుగుతాయని నేను అడగలేదు. నా దృష్టంతా దాని చెవుల మీద ఉండేది. అది ఎప్పుడూ వాకిలి వైపు చెవులు పెట్టి వింటూ ఉండేది. ఆయన కోసం ఏడుస్తోందనుకున్నాను.

ఆ గురువారం ఫాతిహా కూడా తాత చదవలేదు. పక్క ఊరి నుంచి ఎవరినో పిలిపించాడు. దర్గానూ వదిలేశాడు, కుక్కనూ వదిలేశాడు అనుకున్నాను.

దూరంగా కూడా ఉండడం లేదు, అదింకా చిరాకు. రోజూ పొద్దున వంక దాటి, చప్పుడు కాకుండా కొట్టం వెనక్కి వచ్చేవాడు. పిడికెడు దూది గాలిలోకి వదిలి, అది ఎటు ఎగిరిపోతుందో చూసేవాడు. అటు పక్క గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఒకరోజు తూర్పు గోడ, ఒకరోజు పడమటి గోడ. బీడీ లేకుండా ఎప్పుడూ చూడని మనిషి ఒక్క బీడీ ముట్టించేవాడు కాదు, దగ్గొస్తే తలగుడ్డ నోట్లో కుక్కుకునేవాడు. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుని లేచి పోయేవాడు. లోపలికి రావడానికి పది అడుగులు. ఆ పది అడుగులు వేయలేదు.

లోపల చావు, బయట పిల్లాటలు.

సోమవారం నాడు ఉత్తరం రాశాను. మూడు పేజీలు. పరుపులు కుట్టే దబ్బనంతో కొట్టం తలుపుకు గుచ్చాను. చివర గడువు కూడా పెట్టాను. ఆ గడువులోపల జవాబు రాకపోతే దర్గా వదిలి వెళ్లిపోతాను, వెళ్లిన ప్రతి ఊళ్లో ఈ మనిషి సంగతి చెబుతాను అని రాశాను.

దారిన పోయేవాళ్లు ఆగి చదివారు. చదవడం రానివాళ్లు వచ్చినవాళ్లతో చదివించుకున్నారు.

"ఏం రాసినావు అంత?" అంది అవ్వ.

"నిజం."

"అంత పొడుగుందే." ఆమె గంజి గిన్నె నా చేతిలో పెట్టింది. "చల్లారిపోతాది. పో."

గురువారం మధ్యాహ్నం. జనం ఇంకా రాలేదు. చుక్క గంజి మానేసి రెండు రోజులైంది. ఊపిరి తీస్తుంటే పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. చెవులు మాత్రం వాకిలి వైపే ఉన్నాయి.

గోడ మీది విల్లు చూశాను. మనిషి ఎలాగూ రాడు. కనీసం దాని జీవితమంతా విన్న ఆ చప్పుడైనా వినకుండా ఎందుకు పోవాలి? ఆయన అదీ దాచుకున్నాడు. దాచుకున్నది లాక్కుని ఇవ్వడమే న్యాయం అని నేను ఎన్ని సభల్లో చెప్పాను.

విల్లు దించాను. నారి బిగించాను. కొయ్య గుండుతో ఒక్కసారి మీటాను.

చుక్క లేచింది.

ముందు కాళ్ల మీద లేచింది. నడుము లేవలేదు. గోళ్లు నేలలోకి దిగాయి. వెనక సగాన్ని ఈడ్చుకుంటూ వాకిలి వైపు కదిలింది. ఏదో లోపల కదిలిన చప్పుడు నాకు వినిపించింది. దాని నోరు తెరుచుకుంది, అరుపు రాలేదు. పడింది. మళ్లీ లేచింది. తొడ మీది పుండు నేలకు రాసుకుని చిట్లి, వెనక తడిగా ఒక గీత పడింది.

విల్లు కింద పడేశాను. "వద్దు చుక్కా, పడుకో, పడుకో." నా గొంతు దానికి లెక్కలేదు. నారి మోగింది. పని మొదలైంది. అది ముందు నడవాలి.

గడప దాకా వెళ్లింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగి చూసింది, వస్తున్నానా లేదా అని. నారి మీటింది నేనని కనబడింది దానికి. అయినా చూసింది. మళ్లీ ముందుకు తిరిగింది.

అవ్వ పరుగెత్తుకొచ్చి, దాని ముందు నేల మీద కూర్చుని, రెండు చేతులా చుక్క తల పట్టుకుంది. నన్ను తిట్టలేదు.

"నువ్వు టౌనులో ఉన్న రెండు రోజులూ ఇదే," అంది. "ఆయన లోపలికి అడుగు పెట్టినా ఇదే. దగ్గినా ఇదే. కడకు బీడీ వాసనకు కూడా."

నేను నేల మీద తడి గీతను చూస్తూ నిలబడ్డాను. వంక వైపు చూశాను. నారి మోత అక్కడిదాకా వినిపించే ఉంటుంది. వంక అవతల గట్టు మీద తాత నిలబడి ఉన్నాడు. దాటలేదు. చేతిలో తలగుడ్డ ఉంది. దాన్ని నోటికి అడ్డం పెట్టుకుని, ఇటే చూస్తూ, కదలకుండా నిలబడి ఉన్నాడు.

చుక్కను మళ్లీ బొంత మీద పడుకోబెట్టేసరికి పొద్దు వాలింది. దాని వణుకు ఆగేసరికి చీకటి పడింది.

శుక్రవారం పొద్దున ఎండ కొట్టంలోకి వచ్చింది. చుక్క తల కింద చెయ్యి పెట్టి కూర్చున్నాను. నేను నోరు కూడా కదపలేదు. చాలాసేపటి తర్వాత, ఎన్నాళ్లుగానో వాకిలి వైపు నిక్కి ఉన్న చెవులు మెల్లగా వాలాయి. ఇక ఎవరూ రారని, ఎక్కడికీ వెళ్లే పని లేదని దానికి తెలిసినట్టుంది. ఒళ్లంతా వదులైంది. ఒక పెద్ద ఊపిరి వచ్చింది. రెండోది రాలేదు.

నా అరచేయి తడిగా, వెచ్చగా ఉంది. ఆ చెయ్యి ఆయనది కావాల్సింది.

లేచి కొట్టం వెనక్కి వెళ్లాను. ఆ రోజు గాలి పడమటికి. తాత పడమటి గోడ దగ్గర ఉన్నాడు. గోడకు మొహం ఆనించి కూర్చుని ఉన్నాడు. మట్టిగోడ మీద, నేలకు జానెడు ఎత్తున, కుడి అరచేయి పరిచి పెట్టి ఉంది. గోడకు అటు పక్క, సరిగ్గా అక్కడే చుక్క తల ఉండేది.

ఆయనే అడిగాడు.

"కడకు లేచిందా?"

"లేదు తాతా. పడుకునే ఉంది."

తల ఊపాడు. గోడ మీది చెయ్యి తీయడానికి కొంచెంసేపు పట్టింది.

అప్పుడు కొట్టంలోకి వచ్చాడు, పన్నెండు రోజుల తర్వాత. చుక్కను ఆయనే ఎత్తాడు. నన్ను సాయం పట్టనివ్వలేదు. పత్తిచేను గట్టున నేను గుంత తవ్వాను. నేల గట్టిగా ఉంది, మధ్యాహ్నం దాకా పట్టింది. ఏకిన దూది ఒక పొర కింద వేసి, దాని మీద పడుకోబెట్టి, ఇంకో పొర కప్పాడు. నుదుటి మీది మచ్చ ఒక్కటే కాసేపు కనబడింది. అవ్వ మట్టి వేసి వెనక్కి చూడకుండా ఇంట్లోకి వెళ్లిపోయింది.

తాత గట్టు మీద కూర్చుని బీడీ తీశాడు. మూడు పుల్లలు ఆరిపోయాయి. నాలుగోది నేను గీసి పెట్టాను.

"నిన్న నారి మోగింది," అన్నాడు.

"నేనే తాతా."

"తెలుసు. నా దెబ్బ అట్లుండదు." పొగ వదిలాడు. "దానికీ తెలుసు."

బీడీ సగం దాకా కాలింది.

"తెలిసి కూడా లేచింది చూడు," అన్నాడు.

ఆయన లేచి కొట్టం దాకా నడిచి, తలుపుకు గుచ్చిన దబ్బనం పీకి, ఉత్తరంతో సహా తెచ్చాడు. దబ్బనం తలగుడ్డకు గుచ్చుకుని, కాగితాలు నా ముందు పెట్టాడు.

"దబ్బనం నాకు కావాల. రేపు ఎగువూళ్లో రెండు పరుపులు ఉండాయి. ఈ కాగితం నీది. చదువు."

"వద్దు తాతా. చింపేస్తాను."

"నాకు చదువు రాదు కదా నాయనా. ఊరంతా చదివినారంట. నేనొక్కడినే మిగిలినా."

చదివాను. మొదటి వాక్యం ఆయన మాటే. నీ ఆఖరి ఊపిరి నా అరచేతి మీదనే పోవాల చుక్కా. అది చదివేటప్పుడు ఆయన కుడి చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు.

తర్వాత నా మాటలు. మాటకు, చేతకు మధ్య ఉన్న దూరంలోనే దోపిడీ పుడుతుంది. నోరులేని జీవి ముందు చూపే నిర్లక్ష్యమే మనిషి అసలు రంగు. ప్రేమ అంటే పక్కన నిలబడటం, మిగతాదంతా నటన. సభల్లో చప్పట్లు తెచ్చిన వాక్యాలు ఒక్కొక్కటే నా నోటి నుంచి బయటికి వచ్చి, ఆ పచ్చి మట్టి మీద పడ్డాయి.

"'సోమరిగా గోడ చాటున ఎండ కాచుకుంటూ,'" అని ఆగాను.

"ఎండ బాగుండె," అన్నాడు తాత. "చదువు."

రెండో పేజీ అయింది. మూడో పేజీ తిప్పబోయి కాగితాలు ఒళ్లో పెట్టుకున్నాను. నీళ్ల చెంబు నా వైపు జరిపాడు. తాగి మళ్లీ మొదలుపెట్టాను. ద్రోహం అనే మాట నాలుగుసార్లు రాశానని చదువుతుంటే తెలిసింది. ఆయన ఒక్కసారి కూడా కాదనలేదు.

పొద్దు కొండ మీదికి వాలింది. దర్గా నీడ పత్తిచేలోకి వచ్చింది.

"ఇంకా ఉందా?"

"ఒక్క వాక్యం తాతా."

"దాన్నెందుకు వదిలిపెడతావు? చదువు."

కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాను.

"'నవంబరు ఇరవై నాలుగు, శుక్రవారం, పొద్దుగూకే లోపల నాకు జవాబు కావాలి.'"